ఆ కుక్కను ఫ్లాట్‌లో పెట్టమని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫ్లాట్‌లో పెంచుకోదగ్గ పది తెలివైన కుక్కలు అంటూ ఒక వ్యాసం వేశారు. అందులో మొదటి స్థానం బోర్డర్ కోలీకి ఇచ్చారు. ప్రపంచంలోకెల్లా తెలివైనది, చెప్పిన మాట వింటుంది, పిల్లలతో బాగా కలిసిపోతుంది, సిటీలో ఉండేవాళ్ళకు మంచి తోడు అని రాశారు. తెలివైనదన్న మాట వరకు ఒప్పుకుంటాను. మిగతా దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, జాగా లేకపోతే ఎక్కడ కత్తిరించుకున్నా ఫరవాలేదు గానీ ఫ్లాట్ సంగతి మాత్రం తీసేయకండి.

నేను పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను, మందలకు నట్టల మందు తాగించి, టీకాలు వేసి, కొట్టాల వెంట తిరిగిన మనిషిని. మాది నారాయణపేట వైపు కురుమ కుటుంబం. మా తాత, మా చిన్నాయన జీవాలు కాసినవాళ్ళే, చిన్నాయన కొడుకు ఇప్పటికీ నూటఇరవై జీవాలతో తిరుగుతున్నాడు. నేను మాత్రం నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఏడో అంతస్తులో ఉంటున్నాను, లిఫ్ట్ అంటే ఇప్పటికీ టెన్షనే.

మా కింది అంతస్తుల్లో ఒక జంట ఉంది, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. మంచి పిల్లలు, కుక్క అంటే ప్రాణం, దాని తిండికి మందులకు లెక్క చూసుకోరు. మీ వ్యాసం లాంటిదే ఇంకేదో చదివి బోర్డర్ కోలీ పిల్లను తెచ్చుకున్నారు. ఏడెనిమిది నెలలు ముద్దుముద్దుగా గడిచిపోయాయి. ఏడాది దాటాక అసలు కథ మొదలైంది. కారిడార్‌లో పిల్లలు ఆడుకుంటుంటే ఇది వాళ్ళ చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరిగి, అటు పోయేవాణ్ణి ఇటు, ఇటు పోయేవాణ్ణి అటు మళ్ళించి, అందరినీ లిఫ్ట్ పక్క మూలకు చేర్చి ఎదురుగా పడుకునేది. ఎవడైనా గుంపులోంచి జారుకుంటే వెనకాల పోయి మడమకు పన్ను ఆనించేది. రక్తం వచ్చేలా కొరకలేదు ఎప్పుడూ. అయినా తల్లులు ఊరుకుంటారా, వాట్సాప్ గ్రూపులో గొడవ, ఆ తర్వాత సొసైటీ మీటింగ్, కుక్కను బయటికి వదలొద్దని తీర్మానం.

ఇంట్లో పెట్టాక ఇంకా ఘోరం. సీలింగ్ ఫ్యాన్ నీడ గోడ మీద తిరుగుతుంటే దాని ముందు పొట్ట నేలకు ఆనించి, మెడ చాచి, రెప్ప కొట్టకుండా గంటల తరబడి చూస్తూ ఉండేది. ఫ్యాన్ ఆపేస్తే వాషింగ్ మెషీన్ దగ్గరికి పోయేది. అదీ ఆగితే తన ముందు కాలు తానే నాక్కుని నాక్కుని పుండు చేసుకుంది. ఆ పుండు చూడమని నన్ను పిలిచారు. "అంకుల్, దీనికి పిచ్చి గానీ పట్టిందా?" అని ఆ అమ్మాయి ఏడుపు మొహంతో అడిగింది. పిచ్చేమీ లేదమ్మా, ఉద్యోగం లేదు, అన్నాను. వాళ్ళాయన నవ్వాడు, నేను జోక్ చేశానని అనుకున్నట్టున్నాడు.

ఆ మాట నాకు ఊరికే రాలేదు. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లో ఉంటారు. ఒక వేసవిలో వాళ్ళ దగ్గర మూడు నెలలున్నాను. ఇంట్లో కూర్చోలేక నసపెడుతుంటే ఒక శనివారం మా అమ్మాయి నార్తంబర్లాండ్ కొండల్లోకి గొర్రెల కుక్కల పోటీకి తీసుకుపోయింది. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం, అక్కడి కాపరుల యాస అసలు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ గొర్రె ఎక్కడైనా గొర్రే కదా, ఆట మాత్రం పది నిమిషాల్లో పట్టుబడింది.

గడ్డి మైదానంలో ఇక్కడ ఒక గుంజ, దాని పక్కన కాపరి, కాళ్ళ దగ్గర కుక్క. అక్కడెక్కడో ఎదురు గుట్ట మీద చుక్కల్లాగా నాలుగైదు గొర్రెలు. పెద్ద పోటీల్లో ఈ దూరం 400 గజాల దాకా ఉంటుందట. కాపరి నోట్లోంచి చిన్న శబ్దం, అంతే, కుక్క బాణంలా పోయింది. గొర్రెల మీదికి తిన్నగా పోలేదు, దూరంగా, చాలా దూరంగా, బేరిపండు ఆకారంలో చుట్టు తిరిగి, గొర్రెలకు తాను వస్తున్న సంగతి తెలియకుండా వాటి వెనక్కి చేరి ఆగింది. దీనికి 20 మార్కులు. తర్వాత గొర్రెలను మొదటిసారి కదిలించే క్షణం ఉంటుంది, దాన్ని అక్కడ 'లిఫ్ట్' అంటారు, రెండు మూడు సెకన్ల పని, దానికే 10 మార్కులు. ఎందుకంటే కుక్కకూ గొర్రెకూ మొదటి పరిచయం అప్పుడే. ఆ క్షణంలో గొర్రె బెదిరిందా, ఇక ఆ పూట దానితో పని జరగదు. కుక్క తల వంచి ఒక్కో అడుగు వేస్తూ వస్తుంటే, గొర్రెలు దానివైపు ఓసారి చూసి, సరేలే అన్నట్టు తిరిగి నడవడం మొదలుపెట్టాయి. అరుపు లేదు, మొరుగుడు లేదు. నా పక్కన నిలబడ్డ ముసలాయన ఊపిరి బిగబట్టడం నాకు వినపడింది.

కాపరి నోట్లో బిళ్ళ మడిచినట్టుండే చిన్న ఈల. ఒక్కో కూతకు ఒక్కో అర్థం. నోటితో చెప్పేటప్పుడు 'కమ్ బై' అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టు తిరుగు, 'అవే' అంటే దానికి ఎదురు దిక్కున, 'లై డౌన్' అంటే పడుకో లేదా ఆగు, చివర్లో 'దట్ విల్ డూ' అంటే ఇక చాలు, వచ్చెయ్. ఈ చివరి మాట వినగానే ఆ కుక్క గొర్రెలను వదిలి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. నాకు గొర్రెలను తోలడం కన్నా ఇదే పెద్ద విద్య అనిపించింది. అన్నింటికన్నా పెద్ద పోటీ ఇంకోటుందని చెప్పారు, దాని ఫైనల్లో కుక్క పది గొర్రెలను ఒకచోటి నుంచి తెచ్చి, వాటిని వదిలిపెట్టి, వెనక్కి పోయి ఇంకోచోటున్న పదింటిని వెతికి తేవాలి. ఆ తర్వాత ఇరవైలోంచి మెడపట్టీ ఉన్న ఐదింటిని మాత్రమే ఉంచి పదిహేనింటిని విడగొట్టాలి.

ఆ కుక్క చూపు గురించి చెప్పాలి. అక్కడి కాపరులు దాన్ని 'ఐ' అనే అంటారు, ఫలానా కుక్కకు కన్ను బలంగా ఉంది, దీనికి కన్ను తక్కువ, అని మాట్లాడుకుంటారు. తోడేలు వేటను గమనిస్తే వెతకడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం వరసగా జరుగుతాయి. తరతరాలుగా కాపరులు ఏం చేశారంటే మొదటి నాలుగింటిని పెంచుకుంటూ పోయి చివరి రెండింటిని అణగదొక్కారు. అంటే మీ ఆదివారం వ్యాసంలో ఉన్న ఆ ముద్దొచ్చే కుక్క ఒంట్లో ముప్పాతిక వేట ఉంది, చంపే ముక్క మాత్రం చాలా వరకు లేదు. దానికి రోజూ ఆ ముప్పాతికను ఎక్కడో ఒకచోట ఖర్చు చెయ్యాలి. గొర్రె దొరక్కపోతే పిల్లలు, పిల్లలు దొరక్కపోతే ఫ్యాన్ నీడ.

మన దగ్గర ఇలాంటి కుక్క ఎందుకు పుట్టలేదు అని ఆ రోజంతా ఆలోచించాను. తర్వాత మా అల్లుడు వెతికి ఒక సంగతి చెప్పాడు. జాన్ కైయస్ అని ఇంగ్లండ్‌లో ఒక వైద్యుడు 1570లో ఆ దేశపు కుక్కల మీద లాటిన్‌లో రాశాడట. ఫ్రాన్సులో, ఫ్లాండర్స్‌లో, సిరియాలో గొర్రెలు కాపరి వెనక నడుస్తాయి, మా ఇంగ్లండ్‌లో కాపరే గొర్రెల వెనక నడుస్తాడు, అని. ఇంకోటి కూడా రాశాడు: మా దేశంలో తోడేళ్ళు లేవు కాబట్టి మా గొర్రెల కుక్క పెద్దగా ఉండక్కర్లేదు, మధ్యరకంగా ఉంటే చాలు, అని. నేను ఆ రెండు ముక్కలు విని మంచం మీద లేచి కూర్చున్నాను. మా తాత ముందు నడిచేవాడు! గొంగడి భుజాన వేసుకుని, నాలుక తాటించి ఒక కూత వేస్తే మంద మొత్తం ఆయన వెనక. మందలో నాలుగు మేకలను కలిపేది కూడా అందుకే, అవి ముందు కదిలితే గొర్రెలు వాటి వెంట పడతాయి. తోలే పని కుక్కకు ఎప్పుడూ లేదు. కుక్క పని రాత్రిపూట. కోత అయిపోయిన చేలో ఎరువు కోసం మంద పెట్టినప్పుడు చుట్టూ తిరిగి తోడేలు రాకుండా, దొంగ రాకుండా కాయాలి. మన మంద కుక్కకు ఉండాల్సిన మొదటి గుణమే గొర్రెను తరమకపోవడం. గొర్రెపిల్ల వచ్చి మీద పడి తొక్కినా కదలకూడదు. రెండూ గొర్రెల కుక్కలే, కానీ ఒకదాని సుగుణం ఇంకోదానికి తప్పు.

స్కాట్లాండ్, ఇంగ్లండ్ సరిహద్దు కొండల్లో పరిస్థితి వేరు. కంచెలు లేని గుట్టల మీద గొర్రెలను విడిచిపెడతారు, అవి మైళ్ళ దూరం చెదిరిపోయి మేస్తాయి, బొచ్చు కత్తిరించే రోజునో పిల్లలను వేరుచేసే రోజునో అన్నింటినీ కిందికి దించాలి. మనుషులతో ఆ పని చేయిస్తే కూలీలకే మంద మొత్తం అమ్మాల్సి వస్తుంది. ఈ మాట దాదాపు ఇలాగే జేమ్స్ హాగ్ రాశాడు. ఆయన ఎట్రిక్ లోయలో గొర్రెలు కాసి తర్వాత పెద్ద కవి అయినవాడు, 1835లో పోయాడు. ఆయన దగ్గర సిర్రా అని ఒక కుక్క ఉండేది. పశువులు తోలుకుపోయే ఒకాయన దాన్ని తాడు కట్టి ఈడ్చుకుపోతుంటే, బక్కచిక్కి ఉన్నా దాని మొహంలో ఏదో కనిపించి ఒక గినీ ఇచ్చి కొన్నాడు. దానికి అప్పటికి గొర్రెల పని ఏమాత్రం తెలియదు.

ఒక రాత్రి ఏమైందంటే, తల్లుల నుంచి అప్పుడే వేరు చేసిన గొర్రెపిల్లలు 700 దాకా హాగ్ కాపలాలో ఉన్నాయి. అర్ధరాత్రి ఉన్నట్టుండి బెదిరి మూడు గుంపులుగా చీలి మూడు దిక్కులకు పారిపోయాయి. చీకటి. కుక్క కూడా కనపడలేదు. హాగ్, ఆయనతో ఉన్న కుర్రాడు తెల్లవార్లూ కొండలన్నీ వెతికారు, ఒక్క పిల్ల దొరకలేదు, కుక్కా దొరకలేదు. ఇక యజమాని దగ్గరికి పోయి మందంతా పోగొట్టామని చెప్పుకోవాలని బయల్దేరారు. దారిలో ఒక లోతైన లోయ అడుగున గొర్రెపిల్లల గుంపు, దాని ముందు సిర్రా నిలబడి సాయం కోసం చూస్తోంది. మూడింట్లో ఒక గుంపును కాపాడిందిలే అనుకున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఒక్కటీ తక్కువ లేదు, మొత్తం ఉన్నాయి. మూడు గుంపులను చీకట్లో ఎలా కలిపిందో తనకు ఎప్పటికీ తెలియలేదని రాసుకున్నాడు. నేను మా చిన్నాయన కొడుక్కి ఈ కథ చెప్తే నమ్మలేదు. "నిద్రల ఉన్నోడు కథ అల్లిండు" అన్నాడు. ఏమో, వాడు అలాంటి రాత్రులు చాలా చూసినవాడు, వాడి అనుమానం వాడిది.

అప్పటికి ఈ జాతికి బోర్డర్ కోలీ అన్న పేరు లేదు, జాతి అన్న పట్టింపే లేదు. పని చేసేదాన్ని పని చేసేదానితో కలిపేవాళ్ళు. 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో లాయిడ్ ప్రైస్ అనే జమీందారు గొర్రెల కుక్కల పోటీ పెట్టాడు, బ్రిటన్‌లో రికార్డైన మొదటి పోటీ అదే అంటారు. వేల్స్ వాళ్ళంతా మనదే గెలుపు అనుకుని వస్తే, అక్కడే ఉంటున్న ఒక స్కాట్లాండ్ మనిషి ట్వీడ్ అనే తన చిన్న నల్ల కుక్కతో కప్పు పట్టుకుపోయాడు. తర్వాత 20 ఏళ్ళకు, 1893 సెప్టెంబర్‌లో, నేను పోటీ చూసిన నార్తంబర్లాండ్‌లోనే ఆడమ్ టెల్ఫర్ అనే కాపరి దగ్గర హెంప్ పుట్టింది, ఇప్పుడు దాన్ని 'ఓల్డ్ హెంప్' అంటారు. తండ్రి రాయ్, సరదా కుక్క, కన్ను తక్కువ. తల్లి మెగ్, బిడియస్తురాలు, కన్ను మరీ ఎక్కువ. ఈ రెండూ కలిస్తే ఏమొస్తుందో టెల్ఫర్ ఊహించి ఉంటాడు. హెంప్ మొరగకుండా, కరవకుండా, వట్టి చూపుతో, నిలబడే తీరుతో గొర్రెలను నడిపించేది. చుట్టుపక్కల కాపరులందరూ తమ ఆడకుక్కలను దాని దగ్గరికి తెచ్చారు, రెండు వందల దాకా పిల్లలకు తండ్రైంది. 1901లో చచ్చిపోయింది. ఇవాళ లోకంలో ఉన్న బోర్డర్ కోలీల్లో ఇంచుమించు అన్నింటి వంశం వెనక్కి పోతే దాని దగ్గరే తేలుతుంది. మా కింది అంతస్తు దానిది కూడా.

1906లో అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పెట్టుకున్నారు. దాని కార్యదర్శి జేమ్స్ రీడ్ 1915లో బోర్డర్ కోలీ అన్న మాట వాడాక ఆ పేరు స్థిరపడింది. ఈ సొసైటీ రిజిస్టర్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. తల్లిదండ్రులు రిజిస్టరైన పిల్లలు సరే, తాతముత్తాతలెవరో తెలియని కుక్క అయినా సరే, మైదానంలో పని చేసి చూపిస్తే పేరు ఎక్కించుకుంటారు. చెవులు నిలబడ్డా వాలినా, బొచ్చు పొడుగైనా పొట్టిదైనా, నలుపు తెలుపైనా ఎరుపైనా, ఎవరూ అడగరు. అందుకే 1976లో అక్కడి కెన్నెల్ క్లబ్, 1995లో అమెరికా కెన్నెల్ క్లబ్ ఈ జాతిని అందాల పోటీల్లోకి చేర్చుకున్నప్పుడు, ముఖ్యంగా అమెరికాలో, పని కుక్కల వాళ్ళు గట్టిగా వద్దన్నారు. ఒక్కసారి బొచ్చును చూసి జత కట్టడం మొదలైతే కన్ను పోతుంది, బుర్ర పోతుంది, మిగిలేది బొమ్మ, అని వాళ్ళ భయం. వాళ్ళ మాట సాగలేదు.

ఈ భయానికి సాక్ష్యం మనింట్లోనే ఉంది కదా. మనం అల్సేషియన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్ పేరులోనే కాపరి ఉన్నాడు. 1899లో స్టెఫానిట్స్ అనే సైనికాధికారి ఆ జాతికి మొదటి కుక్కను రిజిస్టర్ చేసినప్పుడు అది గొర్రెల కుక్కే, మేత నేలకూ పంట చేనుకూ మధ్య గట్టు మీద రోజంతా అటూ ఇటూ నడుస్తూ గొర్రె చేలోకి దిగకుండా కాసేది. ఇప్పుడు మన ఊళ్ళో ఎవరినైనా అడగండి, అల్సేషియన్ అంటే పోలీసు కుక్క, లేదా కుక్కలున్నవి జాగ్రత్త అన్న బోర్డు వెనక ఉండేది. నిజానికి మనలాంటి పంట చేల మధ్య మేపే దేశానికి కోలీ కన్నా ఆ పాత జర్మన్ గట్టు కుక్కే పనికొచ్చేదేమో, ఇది నా సొంత అభిప్రాయం, దీనికి నన్ను కొట్టకండి.

ఇక తెలివి సంగతి. మీ వ్యాసంలో చెప్పిన మొదటి ర్యాంకు స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో ఇచ్చినది. ఆయన అమెరికా, కెనడాల్లో విధేయత పోటీలకు జడ్జీలుగా ఉండేవాళ్ళను అడిగి ఆ జాబితా వేశాడు. కొత్త ఆదేశాన్ని ఐదుసార్ల లోపే నేర్చుకోవడం, చెప్పిన మొదటిసారే 95 శాతం పాటించడం, ఇదీ కొలత. అంటే ఆయన కొలిచింది శిక్షణకు లొంగే తెలివిని. ఇంట్లో పడి ఉండే తెలివిని ఎవరూ కొలవలేదు, కొలిస్తే మన ఊరకుక్కకు పోటీ ఉండదు. అట్లాగే చేసర్ అనే బోర్డర్ కోలీకి 1,022 బొమ్మల పేర్లు వచ్చని అందరూ చెప్పుకుంటారు, నిజమే, సౌత్ కరోలినాలో జాన్ పిల్లీ అనే రిటైరైన ప్రొఫెసర్ నేర్పించాడు. ఎవరూ చెప్పని సంగతి ఏంటంటే ఆయన మూడేళ్ళ పాటు రోజుకు నాలుగైదు గంటలు దానితోనే కూర్చున్నాడు. పొద్దున తొమ్మిదికి క్యాబ్ ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగే పిల్లలు ఆ నాలుగైదు గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? ఒకరి స్టేటస్ చూసి ఇంకొకరు, గొర్రెదాటుగా కొంటున్నారు. గొర్రెల కుక్కను గొర్రెదాటుగా కొనడం ఏంటో.

సరే, మా కింది అంతస్తు కుక్క సంగతి ముగించాలి. నేను ఉండబట్టలేక ఒక ఆదివారం ఆ జంటను, కుక్కను కారెక్కించుకుని మా ఊరికి తీసుకుపోయాను. ముందుగానే ఫోన్ చేసి మంద కుక్కలు రెండింటినీ కట్టెయ్యమన్నాను, లేకపోతే దీన్ని చీల్చేసేవి. డిసెంబర్ నెల, చలిపొద్దు. మా తమ్ముడు, అంటే ఆ చిన్నాయన కొడుకే, మంద ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కుక్క మెడకు ఇరవై గజాల తాడు కట్టి, కొస నేను పట్టుకుని వదిలాను. అది జన్మలో గొర్రెను చూడలేదు. ఒక్క నిమిషం బొమ్మలా నిలబడిపోయింది. తర్వాత తోక దించి, తల దించి, చుట్టు తిరగడం మొదలుపెట్టింది, తాడు చాలక నేను దాని వెంట పరుగు. సరిగ్గా మా తమ్ముడికి ఎదురుగా, మందకు అవతలి పక్క పోయి ఆగి పడుకుంది. మా తమ్ముడు ఎడమకు జరిగితే అది కుడికి జరిగేది, వాడు ఇటు వస్తే అది అటు. ఎవరూ నేర్పలేదు. నార్తంబర్లాండ్‌లో చచ్చిపోయిన ఏ కుక్కో నేర్పింది అనుకోవాలి. ఆ అమ్మాయి ఫోన్‌లో వీడియో తీయడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది.

మా తమ్ముడు మాత్రం సంబరపడలేదు. జీవాలన్నీ ముద్దలా దగ్గరికి చేరి వాడి కాళ్ళకు చుట్టుకుపోయాయి. "అన్నా, గిది తోడేలు నడక నడుస్తుంది గదనే. సూడివి ఉన్నయ్, బెదిరి ఈసుకపోతయ్. జర తోలుకపో," అన్నాడు. వాడు అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, బెదిరితే కడుపు పోయే సూడి గొర్రెల మధ్యకు కొత్త కుక్కను తీసుకురావడం నా బుద్ధి తక్కువ, శాఖలో అన్నేళ్ళు పనిచేసి ఆ మాత్రం తట్టలేదు. వెంటనే లాక్కొచ్చాను. టీ తాగుతూ వాడే మళ్ళీ అన్నాడు, "తెలివిగలదే గనీ మనకెందుకే ఇది. మనకు పొద్దంత పండుకొని రాత్రంత లేసుండేది గావాలె." ఆ పావుగంట పనికే ఆ కుక్క కారెక్కగానే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మరుసటి రోజు ఫ్యాన్ నీడ వైపు చూడలేదట. మూడో రోజు మళ్ళీ మామూలే.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలై, 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇస్తున్నప్పుడు, ఇలాంటి కుక్కలను కూడా తెప్పించి ఇస్తే కాపరికి శ్రమ తగ్గుతుంది కదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. తగ్గదు. పైన చెప్పినట్టు మన మంద కాపరి వెనక నడిచే మంద. పైగా రెండు పొరల బొచ్చుతో చలి దేశంలో తయారైన కుక్క మన మే నెల ఎండలో మధ్యాహ్నం పరుగెత్తితే సాయంత్రానికి వడదెబ్బే. ఆ పరుగు ఆపాలని దానికి తెలియదు కూడా, ఆగమన్నప్పుడు ఆగడం తప్ప అలసిపోయానని ఆగే అలవాటు ఈ జాతికి తక్కువ.

ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళకు, నా వృత్తి బుద్ధి కొద్దీ ఒక మాట. మన దగ్గర గోమార్లకు, గజ్జికి ఐవర్‌మెక్టిన్ సూది వేయించడం మామూలైపోయింది. కోలీ సంతతి కుక్కల్లో కొన్నింటికి ఎండీఆర్-1 అనే జన్యువులో లోపం ఉంటుంది, ఉన్నవాటికి ఆ మందు ఎక్కువ మోతాదులో పడితే మెదడులోకి ఎక్కి, తూలి పడిపోయి, ప్రాణం పోవచ్చు. పొడుగు ముక్కు రఫ్ కోలీల్లో ఇది చాలా ఎక్కువ, బోర్డర్ కోలీల్లో తక్కువే గానీ అసలు లేకుండా లేదు. జన్యు పరీక్ష ఉంది. డాక్టర్ దగ్గరికి పోగానే ఇది కోలీ అని మీరే ముందు చెప్పండి, మందుల షాపులో అడిగి సొంతంగా వాడకండి. ఇక వ్యాయామం అంటే బంతి విసరడం ఒక్కటే అనుకోవద్దు. గంటసేపు బంతి విసిరితే దానికి కాళ్ళు నొప్పి పుడతాయి, బుర్ర ఖాళీగానే ఉంటుంది. వాసన పట్టి దాచిన వస్తువు వెతికించడం, పేరు చెప్పి తెప్పించడం, ఆగమన్నచోట ఆగడం, ఇలాంటివి రోజూ రెండు పూటలా చేయించాలి. మా కింది అంతస్తువాళ్ళు ఇప్పుడు అదే చేస్తున్నారు, అబ్బాయి ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగానికి మారాడు, అచ్చంగా కుక్క కోసమే. పుండు మానింది. కారిడార్‌లో పిల్లలను కూడగట్టడం మాత్రం ఇంకా వదల్లేదు, దానికి నేను కూడా మందు చెప్పలేను.

మీరు ఇంకోసారి ఇలాంటి జాబితా వేస్తే ప్రతి కుక్క పక్కన తెలివికి ర్యాంకు ఎంతో రాయడంతో పాటు దాన్ని ఏ పనికి తయారుచేశారో కూడా ఒక లైను రాయించండి. చాలు.

అన్నట్టు, ఆ వ్యాసం మధ్యలో పెద్దగా రంగుల్లో వేసిన ఫోటో బోర్డర్ కోలీది కాదు, పొడుగు ముక్కు రఫ్ కోలీది. సవరణ వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
రిటైరైన పశుసంవర్ధక శాఖ ఉద్యోగి, నారాయణపేట జిల్లా (ప్రస్తుతం హైదరాబాద్)